చట్టం కొట్టేసిన బాకీలు

దివాలా తీసిన వ్యాపారి ముందుగా వదిలించుకోవాలని చూసేది బాకీల పద్దునే. అమెరికాలోని పిట్స్‌బర్గ్ వ్యాపారి హెన్రీ జాన్ హైంజ్ మాత్రం 1875లో ఐపీ పెట్టాక దాన్ని కొత్తగా తెరిచాడు. నైతిక బాధ్యతల పుస్తకమని దానికి పేరు పెట్టి, కూలిన కంపెనీ అప్పుల్లో తన వాటాకు ఎవరెవరికి ఎంత ఇవ్వాలో రాసుకున్నాడు. దీన్ని ఒక మంచి మనిషి నిజాయితీకి గుర్తుగా చెప్పుకోవడం మామూలే. నా దృష్టిలో ఇది అంతకు మించి, ఆహార వ్యాపారం దేనిమీద నడుస్తుందో చూపించే పత్రం.

1869లో మొదలైన హైంజ్, నోబుల్ అండ్ కంపెనీ, గాజు సీసాల్లో హార్స్‌రాడిష్ పచ్చడి అమ్మి ఎదిగింది. 1873లో జే కుక్ బ్యాంకు మూతపడి దేశమంతా డబ్బుకు కటకట వచ్చింది. అయినా కంపెనీ ఇల్లినాయి రైతులతో, పండిన దోసకాయలన్నీ బుషెల్ 60 సెంట్లకు కొంటామని ఒప్పందం చేసుకుంది. 1875లో పంట విరగకాసింది. కోసిన దోసకాయ ఆగదు, వెంటనే ఉప్పునీటి తొట్టెల్లో పడాలి. రైతుకు డబ్బు ఇప్పుడే ఇవ్వాలి. పచ్చడి అమ్ముడై డబ్బు చేతికొచ్చేది నెలల తర్వాత. ఆ మధ్యకాలాన్ని దాటించేది అప్పే, ఆ అప్పు పుట్టించేది మాట మీద నమ్మకమే. బ్యాంకులు చెయ్యి ఎత్తేశాయి, కంపెనీ మునిగింది.

1876లో వచ్చిన కొత్త సంస్థ తమ్ముడు, దాయాది పేర్ల మీద ఉంది; భార్యకు, తల్లికి వాటాలున్నాయి, హైంజ్ మాత్రం జీతం తీసుకునే మేనేజరు. సరుకు దాచాడన్న ఆరోపణా అతని మీద వచ్చింది. ఇదంతా చట్టాన్ని తప్పించుకోవడమే కదా అంటే, కాదని పూర్తిగా అనలేం. కానీ తప్పించుకోవడమే ఉద్దేశమైతే, చట్టం అడగని బాకీలను తన చేత్తో రాసుకునే పని ఏముంది? పాత బాకీ తీరిస్తే కొత్త అప్పు పుడుతుందన్న లెక్కేనని మరొకరు అనవచ్చు. ఆ లెక్క ఉండే ఉంటుంది, ఒప్పుకుంటాను. అయితే అలాంటి లెక్క ఉన్నవాడు అవసరమైన ఇద్దరు ముగ్గురికి చెల్లించి ఊరుకుంటాడు. హైంజ్ ఏళ్ల తరబడి పేరు తర్వాత పేరు తీర్చుకుంటూ పోయాడు. 1888లో సంస్థ హెచ్.జె. హైంజ్ కంపెనీగా అతని పేరు మీదికి తిరిగొచ్చింది.