ఆబ్కారీ శాసనము: ఆజ్ఞయు, ఆదాయమును

ఆబ్కారీ యనునది పారసీక పదము. ఆ భాషలో ‘ఆబ్’ అనగా నీరు, ‘కారీ’ అనగా పని. మద్యము చేయుట, అమ్ముట, దానిపై సుంకము రాబట్టుట అను మూడింటికిని మన దేశమున ఈ పేరే రూఢమైనది. బరంపురమందలి తెలుగువారును, బళ్ళారివారును, చెన్నపట్టణమువారును ఒకప్పుడు చెన్నరాజధాని ఆబ్కారీ చట్టమొక్కదాని క్రిందనే జీవించిరి. నేడు వారు మూడు రాష్ట్రములలో మూడు చట్టములకు లోబడియున్నారు. చట్టములు వేరైనను ప్రశ్న ఒక్కటియే: ప్రభుత్వము మద్యమునకు అనుజ్ఞాపత్రమిచ్చుట దానిని అదుపులో నుంచుటకా, లేక బొక్కసము నింపుకొనుటకా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను ఉద్యోగికై ఒక అధ్యాయమే కలదు. నియమించిన తావులలో తప్ప మద్యమును చేయుట గాని అమ్ముట గాని కూడదు. మీరినవారికి 600 పణముల దండము. తెలిసినవారికే, అదియు కొలదిగా అమ్మవలెను. గృహస్థులు శుభకార్యములకును మందునకును ఇంట చేసికొనవచ్చును. ఉత్సవములకు, యాత్రలకు నాలుగు దినముల అనుజ్ఞ. ద్రాక్షరసముతో చేసిన మధువును సైతము ఆ గ్రంథము పేర్కొన్నది. రాజు సరకు కాని మద్యమును అమ్మువారు నూటికి 5 వంతున శుల్కము చెల్లించవలెను. అనగా కావలివాడును రాజే, వర్తకుడును రాజే.

ఈస్టిండియా కంపెనీ దొరతనమున ఈ హక్కు గుత్తకు పోయినది. ఒక ప్రాంతమున కల్లు, సారాయి అమ్ముహక్కును హెచ్చు పాట పాడినవానికి అప్పగించుచుండిరి. గుత్తదారుడు తన పాట సొమ్ము రాబట్టుకొనవలె ననిన త్రాగువారు పెరుగవలసినదే. పిదప 1886వ సంవత్సరపు మొదటి చట్టముగా చెన్నరాజధాని ఆబ్కారీ చట్టము వెలువడినది. లైసెన్సు లేక సారాయి కాచుట మాత్రమే గాక చెట్టు గీయుటయు నేరమైనది. తాటికి, ఈతకు, కొబ్బరికి చెట్టుపన్ను ఏర్పడినది. పన్ను కట్టిన చెట్టునకు గుర్తు వేయుదురు. గుర్తు లేని చెట్టెక్కినవాడు దోషి. తాతల నాటి నుండి మోకును కత్తియు నమ్ముకొని బ్రతుకు గీతవాడు ఈ విధముగా సర్కారు లెక్కలలోనికి ఎక్కినాడు. దుకాణములను వేలము వేయుచుండిరి. భూమిశిస్తు తరువాత ఆబ్కారీయే రాజధానికి ముఖ్యమగు ఆదాయమార్గములలో నొకటి యయ్యెను.

సహాయ నిరాకరణోద్యమకాలమున కల్లు దుకాణములయొద్ద పికెటింగు జరుగుటకు కారణమిదియే. అది నీతిబోధ మాత్రమే కాదు. దొరతనపు ఆదాయముపై దెబ్బ. కావుననే కాంగ్రెసువారు అధికారమునకు రాగానే మాట నిలుపుకొనవలసి వచ్చినది. చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1937 అక్టోబరు 1వ తేదీని సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించిరి. మరుసటి సంవత్సరము అది చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించినది. పోయిన ఆదాయమును పూరించుటకు 1939లో అమ్మకపు పన్ను పుట్టినది. నిషేధము యుద్ధకాలమున ఆగి, 1948లో రాజధాని యంతట అమలయ్యెను. అమ్మకపు పన్ను మాత్రము ఆగలేదు.

నిషేధముచే మొట్టమొదట నష్టపోయినవాడు గీతవాడు. లైసెన్సు కాలమున అతడు పన్ను కట్టెను. నిషేధకాలమున వృత్తియే పోగొట్టుకొనెను. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట ప్రభుత్వము నియమించిన రామమూర్తి సంఘము నిషేధమును తొలగింపుమని సూచించినది. గౌతు లచ్చన్నగారు గీత పనివారి పక్షమున ఆందోళన నడపిరి. తుదకు 1954 నవంబరులో ఈ విషయముపై వచ్చిన అవిశ్వాస తీర్మానమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది.

తరువాతి కథ మనలో పెక్కుమందికి కన్నులయెదుట జరిగినదే. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘వారుణి వాహిని’ పేర సారాయిని పొట్లములలో నింపించి పంపిణీ చేయించినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, వయోజన పాఠశాలలో అక్షరములు దిద్దుకొన్నవారు, తమ యూరి సారాయి దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము జిల్లా యంతట ప్రాకి వేలములను ఆపినది. 1993లో సారాయి నిషేధము, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినవి. రాబడి లోటు పెరుగగా 1997లో సంపూర్ణ నిషేధమును సడలించిరి. ఆ రెండేండ్లును యానాము ఎల్లకు ఆవల నిషేధము, ఈవల పుదుచ్చేరి వారి అనుజ్ఞ! ఇరువైపుల వారిదియు తెలుగే.

రాజ్యాంగమును తెరచి చూచినను ఈ ద్వైధీభావమే కానవచ్చును. 47వ అధికరణము మద్యనిషేధమునకై యత్నింపుమని రాజ్యములను ఆదేశించుచున్నది. ఏడవ షెడ్యూలు మద్యముపై సుంకము విధించు హక్కును ఆ రాష్ట్రములకే ఇచ్చుచున్నది. తమిళనాట 2003 నుండి ప్రభుత్వ సంస్థయే మద్యమును చిల్లరగా అమ్ముచున్నది. దానికి ఆధారమైన 1937 నాటి చట్టము పేరు నేటికిని మద్యనిషేధ చట్టమే. మహారాష్ట్రమున 1949 నాటి నిషేధ చట్టము ప్రకారము త్రాగువానికి సైతము పర్మిట్టు కావలెను. అచ్చటనే 2001లో నాసిక్ ప్రాంతపు ద్రాక్షసారాయి పరిశ్రమను ప్రోత్సహించు విధానము ప్రకటింపబడినది.

ఇంత చరిత్రలో కానవచ్చు సత్యమొక్కటి. అనుజ్ఞాపత్రము దోషము కాదు. ఎవరు, ఎచ్చట, ఎంత అమ్మవలయునో నిర్ణయించు శాసనము లేనిదే కల్తీకిని దొంగసారాయికిని అడ్డుండదు. కాని ఆ పత్రము వలన వచ్చు సొమ్ముపై బొక్కసము ఆధారపడిన నాడు కావలివాని చూపు వర్తకుని చూపుగా మారును. చెట్టుమీది గీతవానిని, ఇంటిలోని ఇల్లాలిని సంప్రదింపక చేసిన శాసనమేదియు మన నాట నిలువలేదు. మన మే రాష్ట్రమున స్థిరపడినను అచ్చటి చట్టమును ఈ కంటితో పరిశీలించుట పౌరధర్మము.