యు. శ్రీనివాస్, ఎలక్ట్రిక్ మాండొలిన్

ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) పాశ్చాత్య తీగ వాద్యమైన మాండొలిన్‌ను విద్యుత్ సాయంతో కర్ణాటక సంగీత కచేరీకి తగిన ప్రధాన వాద్యంగా తీర్చిదిద్దిన ఆంధ్ర విద్వాంసుడు. 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఆయన, తండ్రి సత్యనారాయణ మాండొలిన్‌ను ఐదారేళ్ల ప్రాయంలోనే చేతబట్టారు. బాలుడి ప్రతిభను గమనించి శిక్షణ బాధ్యత స్వీకరించిన రుద్రరాజు సుబ్బరాజు, గాత్ర విద్వాంసుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజు మాండొలిన్ వాదకుడు కాకపోవడంతో గురువు పాడి వినిపించేవారు, శిష్యుడు దాన్ని వాద్యంపై పలికించేవాడు. శ్రీనివాస్ బాణీకి మూలం ఈ ఏర్పాటులోనే ఉందనాలి. మాండొలిన్‌కు అలవాటైన పాశ్చాత్య పోకడలేవీ నడుమకు రాకుండా ఆయన వేళ్లు గాత్రాన్నే అనుసరించాయి.

అయితే అందుకు వాద్యమే అడ్డు వచ్చింది. సాధారణ మాండొలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది ఉక్కు తీగలుంటాయి. మీటగానే ఖంగుమని మోగి అంతలోనే అణగిపోయే ఆ నాదంలో, స్వరాన్ని ఊపుతూ పక్క స్వరాల ఛాయను చూపే కంపిత గమకానికి గాని, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి ఒరిగే జారుకు గాని తగిన వ్యవధి దొరకదు, పైగా జంట తీగలను ఒకే వేలితో సమంగా లాగడం కష్టం. శ్రీనివాస్ జంటలను వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను స్వీకరించడంతో ఈ ఇబ్బంది తీరడమే కాక మంద్ర స్థాయి కూడా విస్తరించింది. తీగల కింద అమర్చిన పికప్, అంటే తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత సాధనం, సన్నగిల్లిపోతున్న నాదాన్ని సైతం యాంప్లిఫయర్‌కు చేరవేస్తుంది కనుక, తోడి రాగపు గాంధారాన్ని ఒక్క మీటు మీద ఊపుతూ నిలపడం సాధ్యమైంది. హెవీ మెటల్ గిటారిస్టులు ఆధారపడేదీ ఈ పికప్, యాంప్లిఫయర్ల మీదే; వారు యాంప్లిఫయర్‌ను దాని హద్దు దాటించి గరుకైన, దీర్ఘమైన నాదాన్ని రాబడితే, శ్రీనివాస్ నాదాన్ని తేటగా ఉంచి ఆ నిడివినంతా గమకానికి వినియోగించారు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసిన ఆయన 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై వాయించారు. విదేశీ వాద్యం, అందులోనూ విద్యుత్ వాద్యం, శాస్త్రీయ వేదికకు తగునా అన్న సందేహం అప్పట్లో వినిపించింది గాని, బాలుస్వామి దీక్షితుల కాలంలో పాశ్చాత్య వాద్యమే అయిన వయొలిన్‌ను అక్కున చేర్చుకున్న సంప్రదాయానికి ఆ సందేహం శోభించేది కాదు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆయన కచేరీ యూరప్ శ్రోతలను ఆకట్టుకుంది.

ధ్వనిముద్రణల్లో ప్రత్యేకంగా చెప్పుకోదగినది రాక్ గాయకుడు పీటర్ గాబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ 1995లో విడుదల చేసిన 'డ్రీమ్'. ఇందులో శ్రీనివాస్‌కు జోడీ అయిన కెనడా దేశస్థుడు మైకేల్ బ్రూక్ గిటారిస్టే కాక రికార్డు నిర్మాత కూడా. అంటే ధ్వనిముద్రణను ఆద్యంతం నడిపించి, ఏ నాదం ఎంత దూరం నుంచి, ఎంత గాఢంగా వినిపించాలో నిర్ణయించే వ్యక్తి. తీగ కంపనాన్ని విద్యుత్ సాయంతో తిరిగి అదే తీగకు అందించి నాదాన్ని ఆగకుండా నిలిపే 'ఇన్ఫినిట్ గిటార్' రూపకర్త ఆయనే. నాదపు నిడివి కోసం చెరొక దారిలో శ్రమించిన ఇద్దరు ఒకచోట కలవడమే ఈ ఆల్బమ్ విశేషం.

1998లో పద్మశ్రీ అందుకున్న శ్రీనివాస్, ఆ తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరారు. మెక్‌లాఫ్లిన్ 1970వ దశకంలో మహావిష్ణు ఆర్కెస్ట్రాతో జాజ్‌ను రాక్ సంగీతపు హోరుతో మేళవించిన గిటారిస్టు. ఆయన గిటార్, శ్రీనివాస్ మాండొలిన్ ఒకదాని స్వరకల్పనకు మరొకటి బదులిచ్చే తీరు 2000లో వెలువడిన 'ది బిలీవర్'లో వినవచ్చు.

2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ల వయసులో, కాలేయ మార్పిడి అనంతర సమస్యలతో ఆయన చెన్నైలో కన్నుమూశారు. ఆయన వద్దే నేర్చి, ఆయనతో కలిసి జంటగా వాయించిన తమ్ముడు యు. రాజేష్ కూడా ఎలక్ట్రిక్ మాండొలిన్ విద్వాంసుడే.