అధ్యక్షుడి టోపీ: లాడ్జి ఆచారానికి ఆధారాలు, ఎంపికకు కొలతలు

అమెరికాలోని చాలా ఫ్రీమేసన్ లాడ్జిల్లో సభ నడుస్తున్నంతసేపు టోపీ పెట్టుకునేది ఒక్కరే. తూర్పున పీఠం మీద కూర్చునే వర్షిప్‌ఫుల్ మాస్టర్, అంటే ఆ లాడ్జి అధ్యక్షుడు. ఇంగ్లండులో అధ్యక్షుడు సాధారణంగా టోపీ లేకుండానే సభ నడుపుతాడు. జర్మనీలో అనేక లాడ్జిల్లో సభ్యులందరూ నల్లని టాప్ హ్యాట్‌లతో కూర్చుంటారు. ఒకే సోదర సంఘంలో ఇన్ని పద్ధతులున్నప్పుడు, ఈ టోపీకి అనాదిగా అర్థం ఇదేనని తేల్చి చెప్పడం తొందరపాటు.

అమెరికన్ లాడ్జిల్లో తరచూ వినిపించే వివరణ ప్రకారం ఇది సొలొమోను రాజు కిరీటానికి గుర్తు. అందమైన భావనే. పాత రాతప్రతుల బలం మాత్రం దానికి తక్కువ. మేసన్ల ప్రతుల్లో అత్యంత ప్రాచీనమని పేరున్న రీజియస్ పద్యప్రతిని 14వ శతాబ్ది చివరికో 15వ శతాబ్ది తొలినాళ్లకో చెందినదిగా పండితులు లెక్కిస్తారు. అందులో టోపీ మాట వస్తుంది, కాని అది ప్రభువు ఎదుటికి వెళ్లేవాడు తలమీది టోపీనో ముసుగునో తీయాలని చెప్పే మర్యాదపాఠం. అధ్యక్షుడు టోపీ పెట్టుకోవడం గురించి అందులో ఏమీ లేదు. నా అంచనాలో ఆచారపు మూలం వెతకాల్సింది ఈ మర్యాదలోనే: పెద్ద ఎదుట అందరూ తీస్తారు, తీయనక్కర్లేనివాడు పెద్ద.

ఈ మర్యాదను అధికారం ఎంత పట్టుదలగా కాపాడుకుందో లండన్ ఓల్డ్ బెయిలీలో 1670లో జరిగిన విచారణ చూపిస్తుంది. మనుషుల గౌరవార్థం టోపీ తీయకపోవడం క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి నియమం. ఆ శాఖకు చెందిన విలియం పెన్, విలియం మీడ్ కోర్టులోకి వస్తుండగా ఒక ఉద్యోగి వారి టోపీలు తీసేశాడు. న్యాయపీఠం వాటిని మళ్లీ పెట్టించింది. పెట్టుకుని ఉన్నందుకు కోర్టు ధిక్కారమంటూ ఒక్కొక్కరికి 40 మార్కుల జరిమానా వేసింది. స్పెయిన్‌లో రాజు ఎదుట టోపీ తీయకుండా ఉండడం గ్రాండీలనే అగ్రశ్రేణి ప్రభువులకు దక్కిన ప్రత్యేక హక్కు. లాడ్జి అధ్యక్షుడి టోపీకి 1874లో ఆల్బర్ట్ మాకీ తన ఫ్రీమేసన్రీ విజ్ఞానసర్వస్వంలో చెప్పిన కారణం కూడా ఈ కోవదే.

ఇదంతా పోలికల మీద కట్టిన వాదన, నేరుగా రుజువు కాదు. ఎదురు ఉదాహరణా ఉంది. బ్రిటిష్ కామన్స్ సభలో పూర్వం సభ్యులు టోపీతో కూర్చుని, మాట్లాడేటప్పుడు తీసేవారు. అక్కడ టోపీ ఒక్కరి సొత్తు కాదు.

మూలం మర్యాదలోనే ఉందనుకుంటే టోపీ ఎంపిక తీరు మారుతుంది. పెట్టుకోవడం ఎంత ముఖ్యమో, సమయానికి తీయడమూ అంతే. ప్రార్థనకు తీయాలి, దైవనామం వినబడితే తీయాలి. ప్రాంతంలోని లాడ్జిలన్నిటికీ పెద్దయిన గ్రాండ్ మాస్టర్ వచ్చి పీఠం స్వీకరిస్తే గవెల్ (అధ్యక్షుడి సుత్తి) అప్పగించి టోపీ తీయాలి. కనుక నేను అన్నిటికంటే ముందు చూసేది అంచు. ఒక చేత్తో తడుముకోకుండా దొరికేంత గట్టి అంచు ఉండాలి. ఫెడోరాను ముందు నొక్కుల దగ్గర పట్టి తీస్తుంటే కొన్నాళ్లకు ఫెల్ట్ అక్కడే చిట్లుతుంది.

తర్వాత దుస్తులు. టెయిల్‌కోటుకు టాప్ హ్యాట్, డిన్నర్ జాకెట్‌కు హాంబర్గ్, మామూలు సూటుకు ఫెడోరా నప్పుతాయి. టెక్సాస్ వంటి చోట్ల కౌబాయ్ టోపీతో సభ నడిపేవారున్నారు. ఆ ఊరి పెద్దమనుషులు గౌరవంగా ధరించేది అదే అయితే నాకు అందులో తప్పు కనిపించదు. నవ్వు పుట్టించడానికి తెచ్చిన టోపీ మాత్రం ఆ పీఠానికి తగదు.

పాత పట్టు టాప్ హ్యాట్ కొనేవారికి ఒక హెచ్చరిక. దానికి వాడిన సిల్కు ప్లష్ ఇప్పుడు నేయడం లేదు, మిగిలిన పాతవాటిలో చిన్న సైజులే ఎక్కువ. చెవులకు కాస్త పైన, నుదుటి మధ్యగా టేపు చుట్టి కొలవండి. 58 సెంటీమీటర్లు వస్తే అమెరికన్ సైజు 7¼, బ్రిటిష్ సైజు 7⅛. టోపీ కొంచెం వదులైతే లోపలి తోలుపట్టీ వెనక ఫోమ్ పట్టీ దూర్చవచ్చు. బిగుతైతే కొనకండి, ప్రార్థన వేళ రెండు చేతులతో లాగాల్సి వస్తుంది.