'మేనియా' అనే మాట: చరిత్ర రచనలో దాని అర్థం, వాడుక

ఆర్థిక చరిత్ర గ్రంథాలు చదివేటప్పుడు 'ట్యూలిప్ మేనియా', 'రైల్వే మేనియా', 'షేర్ మేనియా' అనే పదబంధాలు మీకు తరచుగా ఎదురవుతాయి. ఒక వస్తువు మీదనో, కంపెనీ వాటాల మీదనో జనంలో ఉన్నట్టుండి చెలరేగే ఉద్రేకాన్ని సూచించడానికి ఆంగ్లంలో వాడే మాట ఇది. చాలా ఏళ్ళు జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి కనుక ఒక సంగతి చెప్పగలను. బొంబాయి వాటాల సంక్షోభానికి కారణాలు రాయమంటే, 'ప్రజలు మేనియాకు లోనయ్యారు' అని ఒక్క వాక్యంతో సరిపెట్టే విద్యార్థులు ఎక్కువ. ఆ వాక్యం జరిగినదానికి పేరు పెడుతుంది. ఎందుకు జరిగిందో చెప్పదు. ఈ తేడాను గుర్తించడమే ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

1. పదం, దాని అర్థం

'మేనియా' గ్రీకు పదం. ఆ భాషలో దానికి పిచ్చి, ఉన్మాదం అని అర్థం. లాటిన్ ద్వారా ఆంగ్లంలోకి వచ్చిన ఈ మాటను మొదట వైద్యులు ఒక మనోవ్యాధికి పేరుగా వాడారు. మనోవైద్యంలో ఈనాటికీ ఆ వాడుక ఉంది. క్రమంగా మితిమీరిన మోజు అనే అర్థం దానికి చేరింది. వైద్యుడి దృష్టిలో రోగి ఒక వ్యక్తి. అదే మాటను చరిత్రకారుడు వాడినప్పుడు ఒక నగరమో, ఒక దేశమో రోగి అవుతుంది. ఈ మార్పును మీరు జాగ్రత్తగా గమనించాలి.

దీనికి దగ్గరగా మనకు 'వేలంవెర్రి' అనే చక్కని మాట ఉంది. ఒకరిని చూసి ఒకరు ఎగబడటం అందులో ధ్వనిస్తుంది. 'పానిక్' అనే మాటతో దీన్ని కలపకూడదు. ధర పెరుగుతుందనే ఆశతో కొనడానికి తొందరపడటం మేనియా. ధర పడిపోతుందనే భయంతో అమ్ముకోవడానికి తొందరపడటం పానిక్. సాధారణంగా మొదటిదాని వెనుకే రెండోది వస్తుంది.

2. ఐరోపా అనుభవం

ఈ మాటకు ప్రచారం కల్పించినవారిలో స్కాట్లాండ్‌కు చెందిన పాత్రికేయుడు చార్లెస్ మెకే ముఖ్యుడు. జనసమూహాల భ్రమల గురించి ఆయన 1841లో ఒక గ్రంథం ప్రచురించాడు. 1637 ఫిబ్రవరిలో హాలండ్‌లో ట్యూలిప్ దుంపల ధరలు కూలిన ఉదంతాన్ని దేశమంతా నాశనమైనట్లు అందులో వర్ణించాడు. ఆ తరువాత ఆన్ గోల్డ్‌గార్ అనే చరిత్రకారిణి డచ్ దస్తావేజులను పరిశీలించింది. నష్టం కొద్దిమంది వర్తకులకు, సంపన్నులకు పరిమితమైందనీ, డచ్ ఆర్థిక వ్యవస్థ కూలిపోలేదనీ తేల్చింది. నాటి నీతిబోధక కరపత్రాల్లోని వెటకారాన్నే తరువాతి రచయితలు చరిత్రగా స్వీకరించారు.

మెకే గ్రంథం వచ్చిన నాలుగేళ్ళకే బ్రిటన్‌లో రైల్వే మేనియా మొదలైంది. 1846 ఒక్క ఏడాదిలోనే పార్లమెంటు దాదాపు 270 రైల్వే చట్టాలు చేసింది. అప్పుడు ఒక గ్లాస్గో పత్రికకు సంపాదకుడుగా ఉన్న మెకే, రైల్వే పెట్టుబడులను ప్రోత్సహిస్తూ రాశాడు. గతంలోని వెర్రిని గుర్తించినవాడికి కళ్ళముందరి వెర్రి కనపడలేదు. దానికి కారణాలు లేకపోలేదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1844లో వడ్డీని 2.5 శాతానికి తగ్గించింది. వాటా ధరలో పదోవంతు ముందుగా చెల్లిస్తే చాలు, మిగతాది కంపెనీ అడిగినప్పుడు కట్టవచ్చు. ఆ వాయిదాలు ఒకటొకటిగా మీదపడినప్పుడు మధ్యతరగతి కుటుంబాలు చితికిపోయాయి. అయినా నాడు వేసిన మార్గాలు చాలావరకు దేశానికి ఉపయోగపడ్డాయి. కేవలం పిచ్చి అంటే ఈ రెండో పార్శ్వం మరుగున పడుతుంది.

3. బొంబాయి షేర్ మేనియా

1861లో అమెరికాలో అంతర్యుద్ధం ప్రారంభమైంది. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకాదళం దిగ్బంధించింది. అమెరికా పత్తిపై ఆధారపడిన లాంకషైర్ మిల్లులు భారతదేశం వైపు తిరిగాయి. పత్తి ధరలు పెరిగి బొంబాయిలోకి ధనం వచ్చిపడింది. కొత్త బ్యాంకులు, సముద్రాన్ని పూడ్చి భూమి తీసే కంపెనీలు పుట్టుకొచ్చాయి. బ్యాక్ బే కంపెనీ వాటా 5,000 రూపాయల నుంచి సుమారు 50,000 దాకా పోయింది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఈ వ్యాపారానికి కేంద్రబిందువు అయ్యాడు.

1865 ఏప్రిల్‌లో జనరల్ లీ లొంగిపోవడంతో యుద్ధం ముగింపుకు వచ్చింది, పత్తి ధరలు పడిపోయాయి. జులై 1న వాయిదా ఒప్పందాల లెక్క తీర్చవలసి వచ్చేసరికి చాలామంది దివాలా తీశారు. బ్యాంక్ ఆఫ్ బాంబే దెబ్బతిని 1868లో మూతపడింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ బ్యాంకులో ప్రభుత్వానికి వాటాలు ఉన్నాయి, ప్రభుత్వం నియమించిన డైరెక్టర్లు ఉన్నారు. 1863 నాటి చట్టం రుణాలపై పాత ఆంక్షలను సడలించింది. కంపెనీల వాటాలను హామీగా పెట్టుకుని బ్యాంకు విచ్చలవిడిగా అప్పులిచ్చింది. ఇదంతా వదిలి 'బొంబాయి జనానికి పిచ్చి పట్టింది' అని రాస్తే, చట్టం చేసినవారు, అప్పులిచ్చినవారు తప్పించుకుంటారు. కూడబెట్టింది పోగొట్టుకున్నవాడే దోషిగా మిగులుతాడు.

4. ఎలా వాడాలి?

'మేనియా' అనే మాటను మానుకోమని నేను అనడం లేదు. ధరలు, నిజమైన విలువ సంబంధం తెగిపోయిన దశకు అది తగిన పేరే. అయితే ఆ మాట రాసిన ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి: డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? ఏ నియమం సడలింది? ఎవరు లాభపడ్డారు? ఆ పేరు పెట్టింది ఎవరు, ఎప్పుడు? వీటికి జవాబు దొరికితే మీ వ్యాసంలో కారణం ఉన్నట్టే. రేపు మీ ఊళ్ళో స్థలాల ధరలో, మరొకటో ఉన్నట్టుండి పెరిగి అందరూ ఎగబడుతున్నప్పుడు కూడా ఈ నాలుగు ప్రశ్నలే మీకు అక్కరకు వస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మేనియా, పానిక్ పదాల మధ్య భేదం తెలపండి.
2. బొంబాయి షేర్ మేనియాకు దారితీసిన కారణాలను 'మేనియా' అనే మాట వాడకుండా పది వాక్యాల్లో వివరించండి.