గోడ దాటితే ఔట్

చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసి, వంటింటి వెనక తలుపు తీసుకుని పెరట్లోకి దిగు. డిసెంబరు చివరి ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. మొన్న కురిసిన వానకి నేల ఇంకా అరికాలికి చల్లగా తగులుతోంది. మైలాపూర్లో, లస్ చర్చి రోడ్డుకి రెండు సందులు ఇవతల, ఇలాంటి పెరడొకటి మిగిలి ఉండడమే విడ్డూరం. చుట్టూ అన్నీ అపార్ట్‌మెంట్లే.

"ఏరా, ఇప్పుడా రావడం? నువ్వు కామన్‌," అంటాడు ఇంటివాడు. వాళ్లు ఆరుగురు, నువ్వు ఏడోవాడివి. కామన్‌ అంటే రెండు జట్లకీ బ్యాటింగు చేస్తావు, గెలుపులో మాత్రం వాటా రాదు. కాలేజీ రోజుల్లోనూ నీ గతి ఇంతే కాబట్టి నోరు మూసుకుని ఒప్పుకుంటావు.

బట్టలుతికే బండ వికెట్టు. పన్నెండు అంగల అవతల కొబ్బరిచెట్టు మొదలు బౌలింగు క్రీజు. ఒక పిచ్ పడ్డాక ఒంటిచేత్తో పట్టినా ఔటే. తీగ మీద ఆరేసిన పంచెకి తగిలితే రెండు పరుగులు. తులసికోట వైపు కొడితే పరుగుల్లేవు, చెంపలేసుకోవాలి. పక్కింటి మామి గోడ దాటితే ఔట్, కొట్టినవాడే వెళ్లి తేవాలి. సిక్సుకి శిక్ష వేసే క్రికెట్టు ఇరుకు సందుల్లో తప్ప ఎక్కడ దొరుకుతుంది!

గోడవతల మామి సాధన చేసుకుంటోంది. మార్గళి కచేరీల రోజులు కదా, త్యాగరాజ కీర్తనలో ఒకే సంగతి పట్టుకుని పదిసార్లు తిప్పుతోంది. ఆవిడకి తెలుగు రాదు. పాడేదంతా తెలుగే.

ఇవాళ టెన్నిస్ బంతి లేదు. న్యూజెర్సీ నుంచి సెలవులకొచ్చిన ఇంటివాడి మేనల్లుడు ఒక వింత బంతి తెచ్చాడు, పేరు విఫుల్ బాల్. అరచేతిలో పెట్టుకుని చూడు: తెల్లటి ప్లాస్టిక్కు, లోపల డొల్ల, బరువే తెలియదు. ఒక సగం నున్నగా ఉంది, రెండో సగానికి ఎనిమిది పొడుగాటి చీలికలు. 1953లో అమెరికాలో, కనెక్టికట్‌లో, డేవిడ్ ముల్లనీ అనే తండ్రి పన్నెండేళ్ల కొడుకు కోసం ప్లాస్టిక్ బంతులకి రకరకాలుగా గాట్లు పెట్టి చూసి దీన్ని కనిపెట్టాడు. బంతి మెలికలు తిప్పబోయి కొడుకు భుజం నొప్పెడుతోందని. ఇరుకు పెరడు, పక్కవాళ్ల కిటికీలు అక్కడా ఉన్నాయన్నమాట. బంతితోపాటు చీపురుకట్టంత సన్నటి పసుపు బ్యాటు కూడా వచ్చింది గానీ, దాన్నెవరూ ముట్టుకోలేదు. స్టిక్కరు ఊడిన పాత క్రికెట్ బ్యాటే నీ చేతికిస్తారు.

బండకి ముందు నిలబడు. పిల్లాడు కాలెత్తి, మోచెయ్యి వంచి విసురుతాడు. బంతి సన్నగా బుర్రుమంటూ నీ తొడ మీదికే వస్తుంది. నువ్వు పక్కకి జరిగేలోపు అదే చటుక్కున అవతలికి మళ్లి, బ్యాటు అంచు పక్కనించి జారి, బండకి టక్కున తగులుతుంది.

ఒక్క క్షణం అందరూ బిత్తరపోతారు. తర్వాత ఒకే కేక. "మాంగా! మాంగా!"

"మామిడికాయేంటి మావయ్యా?" పిల్లాడి మొహం వెలవెలబోయింది. పాపం, వాడికేం తెలుసు. మోచెయ్యి వంచి విసిరితే మద్రాసు సందుల్లో దాన్ని మాంగా అంటారు. చెట్టు మీది కాయని రాయితో కొట్టినట్టుందని.

ప్లాస్టిక్ కుర్చీలో కూచున్న ఇంటి పెద్దాయనే అంపైరు. పేపరు మడిచి తీర్పు చెప్పారు. "నో బాల్."

"బేస్‌బాల్లో ఇలాగే వేస్తారు తాతా!"

"అది మీ ఊళ్లో. ఇది బుచ్చిబాబు పేట." ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఈ లస్‌లోనే ఉండేవాడు బుచ్చిబాబు నాయుడు, మన తెలుగువాడు. చేపాక్‌లోని మద్రాస్ క్రికెట్ క్లబ్బు తెల్లదొరలకే అంటే, 1888లో మనవాళ్లకంటూ మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టాడు. కొడుకు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. 1936లో, నలభై నిండాక, ఇంగ్లండులో మొదటి టెస్టు ఆడాడు.

"మనం అయిదేళ్లు లేటురా," అంటాడు వికెట్ కీపరు, మోకాలు రాసుకుంటూ.

బంతి ఇంటివాడి చేతికొచ్చింది. మేనల్లుడికి పాఠం చెప్పాలని సరదా. బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య బంతిని ఇరికించి, చిటికె వేసినట్టు మధ్యవేలితో తోస్తాడు. సొడక్కు బాల్. వెస్ట్ మాంబళం వీధుల్లో టెన్నిస్ బంతితో మన స్పిన్నర్ అశ్విన్ నేర్చుకున్నది ఇదే. టెస్టుల్లో అతను తీసిన 537 వికెట్లలో ఆ వీధులకీ వాటా ఉంది. చెయ్యి బారుగా తిప్పడానికి చోటు లేనిచోట వేళ్లు తెలివిమీరతాయని నా అనుమానం.

అయితే ఈ బంతికి ఆ విద్యలేవీ పట్టవు. పైకి లేచి, కొబ్బరాకుల నీడలో ఊగిసలాడుతూ, దారి మర్చిపోయినదానిలా వస్తోంది. ఆగు. ఇంకా ఆగు. ఇక ఆగలేక బాదుతావు.

తగిలింది! పంచె మీదుగా లేచి, గాలివాటుకి తేలుతూ, గోడ దాటింది.

కీర్తన సంగతి మధ్యలో తెగిపోయింది. ఆరు జతల కళ్లు నీ మీదే ఉన్నాయి. "ఔట్," అంటారు పెద్దాయన, పేపరులోంచి తలెత్తకుండానే. "వెళ్లి తీసుకురా."

చెప్పులు వేసుకుని, సందు చుట్టి, మామి గేటు తోస్తావు. మల్లెకుండీ పక్కన నిలబడి ఉంది ఆవిడ. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బంతిని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"ఇదెన్నప్పా? ఇడియాప్పం అచ్చా?"

"బంతి మామీ."

నమ్మినట్టు లేదు. ఇంకోసారి చూసి, కొంగు బొడ్లో దోపి, మోచెయ్యి వంచి, గోడ మీదుగా ఒక్క విసురు విసిరింది.

అవతల్నించి అందరూ ఒక్క గొంతుతో అరిచారు. తాతగారితో సహా.

"మాంగా!"