పెద్దలు మారినను పుస్తకము నిలిచినది

ఒంగోలు పశువులు పందొమ్మిదవ శతాబ్దముననే సముద్రము దాటి బ్రెజిలు దేశము చేరినవి. అచ్చటివారు వానిని ‘నెలోరె’ యందురు. అది మన నెల్లూరు పేరే.

1919లో ఉబెరాబా పట్టణమున పెంపకందారులు మూపురపు పశువుల వంశావళి పుస్తకము నారంభించిరి. 1934లో ఆ భారమును ఆ ప్రాంతపు గ్రామీణ సంఘము వహించెను. 1938లో ప్రభుత్వ సమ్మతితో అధికారికమైన నమోదు మొదలయ్యెను. 1967లో ఆ సంఘమే బ్రెజిలు దేశమంతటికిని పెంపకందారుల సంఘమయ్యెను. పేర్లు మారెను, పెద్దలు మారిరి. ఏ గిత్తకు ఏ ఆవు తల్లియో తెలుపు లెక్క మాత్రము తెగలేదు. 1960 దశకపు తొలినాళ్లలో ఒంగోలు చెంతనున్న కరవది గ్రామమునుండి వెళ్లిన గిత్త తన ఊరి పేరుతోనే ఆ పుస్తకమున కెక్కెను.

మన తెలంగాణమున అమ్రాబాదు సీమ కాపరులు తరతరములుగా నోటిలెక్కతోనే కాపాడుకొనిన పొడ తూర్పు జాతికి 2020లో గాని జాతీయ నమోదు లభింపలేదు. వ్రాత లేని సంపదకు సాక్ష్యము దొరకుట యింత ఆలస్యము.

పొలములు మేడలైన శేరిలింగంపల్లిలో ఈ మాట మరింత తలపదగినది. పదవి చేతులు మారుట సహజము. దస్త్రము చెదరక చేతులు మారుటయే ధర్మము. పశువుల సంఘమునకైనను, గ్రంథాలయమునకైనను నీతి యొక్కటే.