కూనూరు ఎంత దూరం?

కుక్క కరిచిందంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లోని పెద్దవాళ్లకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది బొడ్డు చుట్టూ పొడిచే పద్నాలుగు సూదులే. ఆ సూదులకు జడిసి పసరు మందుకు పోయినవాళ్లను మూఢులని తేల్చేయడం చదువుకున్నవాళ్లకు అలవాటైపోయింది. ఆ తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం. మందు ఊరికి ఎంత దూరంలో ఉంది, దానికోసం ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలి అనే లెక్కే ఈ సీమలో జనాన్ని ఆసుపత్రి వైపో, పసరు వైద్యుడి వైపో నడిపించింది. నమ్మకం పాత్ర లేదనను, కానీ అది ఆ లెక్క తర్వాతే.

1885 జూలైలో పారిస్‌లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి తన రేబిస్ టీకా వేశాడు. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా మన దేశంలో ఆ వైద్యం దొరికే చోటే లేదు. ఇక్కడ ఉద్యోగాలకొచ్చిన తెల్లవాళ్లను పిచ్చికుక్క కరిస్తే, స్తోమత ఉన్నవాళ్లు ఓడెక్కి పారిస్ పోయేవాళ్లు. రేబిస్ లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది కాబట్టే అంత ప్రయాణానికైనా అర్థం ఉండేది. 1900లో సిమ్లా దగ్గరి కసౌలీలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. అదీ దక్షిణాదికి అందనంత దూరమే. 1902లో లిలీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే ఇంగ్లిషు యువతి ఈ జబ్బుతో చనిపోవడం ఇక్కడి తెల్లవాళ్లను కదిలించింది. అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళంలో కొంత కలిసొచ్చి, 1907 ఏప్రిల్‌లో నీలగిరుల్లోని కూనూరులో దక్షిణ భారత పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. పరాయి దేశంలో బతుకుతున్న దొరల భయం పుణ్యమా అని మనకు దక్కిన ఆసుపత్రి అది.

అయితే మదనపల్లె రైతుకు కూనూరు ఏమంత దగ్గర? ముందు బండి కట్టుకుని మదనపల్లె రోడ్డు స్టేషన్‌కు చేరాలి. అక్కడ మీటర్ గేజి రైలెక్కి పాకాల మీదుగా కాట్పాడి పోవాలి. అక్కడ బండి మారి జోలార్‌పేట, కోయంబత్తూరు వైపు, మళ్లీ మేట్టుపాళయంలో దిగి కొండ రైలు. కుప్పం వాళ్లకు స్టేషన్ ఊళ్లోనే ఉంది కాబట్టి కొంత నయం. పేదల చార్జీలు సర్కారు భరించే ఏర్పాటు ఉండేది కదా అంటారు. నిజమే. కానీ చార్జీ ఇచ్చినంత మాత్రాన రెండు వారాలకు పైగా ఆగిపోయే సేద్యం గడుస్తుందా? తోడెవరు వెళ్తారు? భాష తెలియని ఊళ్లో చలికి తట్టుకునేదెలా? ఇటు చూస్తే పసరు వైద్యుడు పక్క ఊళ్లోనే ఉంటాడు, టెంకాయా తాంబూలంతో పని జరిగిపోతుంది. పైగా అతని మందు ‘పనిచేసింది’ కూడా. కరిచిన ప్రతి కుక్కా పిచ్చిది కాదు. పిచ్చికుక్కే కరిచినా, వైద్యం లేకున్నా, ఎక్కువమందికి జబ్బు రాదు. ఆ బతికినవాళ్లంతా పసరు ఖాతాలో చేరారు. చనిపోయినవాడి విషయంలో పథ్యం తప్పాడన్నారు. ఇలా వచ్చిన పేరును ఉపన్యాసాలతో చెరపడం కష్టం.

ఈ దూరాన్ని నిజంగా తగ్గించినవాడు డేవిడ్ సెంపుల్. కసౌలీలో 1911లో ఆయన గొర్రె మెదడుతో, ఫినాల్ కలిపి చేసిన టీకా సీసాల్లో నిలవ ఉండేది, వేరే ఊళ్లకు పంపడానికి వీలయ్యేది. రానురాను ఆ సీసాలు జిల్లా ఆసుపత్రులకు చేరాయి, రోగి కొండెక్కాల్సిన పని తప్పింది. బొడ్డు చుట్టూ సూదులు ఈ టీకావే. వాటికి భయపడటం పిరికితనం అనలేం. అందులోని మెదడు కణజాలం వల్ల అరుదుగానైనా కొందరికి పక్షవాతం వచ్చేది. 1984లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మానేయమంది. మన దేశంలో 2004 చివరిదాకా అదే సాగింది. ఆ ఇరవై ఏళ్లకు సంజాయిషీ అడగాల్సింది పల్లెటూరి మనిషిని మాత్రం కాదు.

ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకా ఉచితం, సూది చేతికే, అయినా కొందరు మధ్యలో మానేస్తున్నారు, దీనికేమంటారని అడగొచ్చు. బలమైన అభ్యంతరమే. అయితే మానేసేది ఎక్కడో చూడండి. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటిరోజు, మూడో రోజు, ఏడో రోజు వేసుకున్నవాడు ఇరవై ఎనిమిదో రోజుకు మళ్లీ రావాలి. అంగళ్లు టమోటా మార్కెట్లో దినకూలీకి అది గాయం మానిపోయి, మరిచిపోయిన రోజు. సెలవుపై ఇంటికొచ్చి కుక్కకాటు తిన్న గల్ఫ్ కార్మికుడు అప్పటికి విమానం ఎక్కేసి ఉంటాడు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చర్మంలోకి వేసే టీకాను ఒక్క వారంలో మూడు విడతలతో ముగించే పద్ధతిని ఒప్పుకుంది. రోగి ఎన్నిసార్లు రాగలడన్నదీ వైద్యంలో భాగమేనని నిపుణులూ గుర్తించారన్నమాట.

ఇంకా తీరని దూరం సీరంది. రక్తం కారే కాటుకు, ముఖం మీద కాటుకు టీకా ఒక్కటే చాలదు. సబ్బుతో పావుగంట కడిగాక గాయంలోకే ఈ సీరం, అంటే ఇమ్యూనోగ్లోబులిన్, ఎక్కించాలి, టీకా శరీరంలో రక్షణ పెంచేలోపు వైరస్‌ను ఆపేది అదే. టీకా ఉన్న ప్రతిచోటా అది ఉండదు. చిన్న ఆసుపత్రి మొదటి సూది వేసి ‘పెద్దాసుపత్రికి పోండి’ అని చీటీ రాసిస్తుంది. ఆ చీటీ పట్టుకున్న తల్లి బస్సు కోసం నిలబడకముందే సీరం అక్కడికి రావాలి. 1911లో ఫినాల్ సీసా చేసిన పని అంతకంటే సులువైనదేమీ కాదు.